లారీ మీద ముందు సీటు

మా అపార్టుమెంటు సెల్లారులో ఒక ఫియట్ కారు ఉండేది. దానికి నూలు దుప్పటి, దుప్పటి మీద ప్లాస్టిక్ కవరు, తేమ తగలకుండా ఒక చిన్న ఫ్యాను. ఆదివారం చర్చి నుంచి రాగానే మా ఆయన లుంగీ కట్టుకుని కిందికి దిగి, దానికి మైనం రాసి, మెత్తని గుడ్డతో తుడిచి, అద్దంలో తన మొహం కనిపించేదాకా తుడుస్తూనే ఉండేవారు. అంత రాజభోగం నాకు బాలింతగా ఉన్నప్పుడు కూడా జరగలేదు. అన్నీ ఉన్న ఆ కారులో లేనిదల్లా నాకు కూర్చునే చోటు.

పాత కార్లున్న వాళ్ళలో రెండు వర్గాలుంటాయి. ప్రదర్శనకు కారును తోలుకుంటూ వెళ్ళేవాళ్ళు ఒకటి. లారీ ఎక్కించి మోయించుకెళ్ళేవాళ్ళు రెండు. వాట్సాప్ గ్రూపులో ఈ రెండు వర్గాలూ తెల్లారి లేస్తే కొట్టుకుంటాయి. తోలని కారు కారే కాదు, బొమ్మ అంటారు వాళ్ళు. రోడ్డు మీద ఒక్క గులకరాయి ఎగిరితే ఏళ్ళ పని మట్టిపాలు అంటారు వీళ్ళు. మా ఆయన సైమన్ గారు ఈ రెండో వర్గానికి పెద్ద. పొద్దున కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని మొదలుపెడితే ఆ కాఫీ తొరక కట్టేదాకా టైపు కొడుతూనే ఉంటారు. నేను లెక్కల టీచరుగా రిటైరైనదాన్ని. నాలుగు చక్రాలున్న బండిని ఆరు చక్రాల బండి మీద ఎక్కించి తీసుకెళ్ళడం ఏ లెక్కకు సరిపోతుందో నాకు ఎప్పుడూ తేలలేదు.

ఆ కారు మా ఇంటికి రావడానికి మా పెళ్ళి కారణం. మాది చీరాల, ఆయనది తెనాలి పక్క. ఆయన అప్పటికే బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీ టూల్‌రూమ్‌లో చేస్తున్నారని పెళ్ళి ఇక్కడే చర్చిలో జరిగింది. చర్చి నుంచి క్వార్టర్సుకు వెళ్ళడానికి వాళ్ళ మేనేజరు గారు తన ఫియట్ ఇచ్చారు. వెనక సీట్లో మేమిద్దరం, మా ఇద్దరి మధ్య మా మేనత్త. పెళ్ళికూతురి చీర నలగకుండా చూడాలని వచ్చి కూర్చుంది. నలిగినదంతా ఆవిడ కిందే నలిగింది. క్వార్టర్సు దగ్గర దిగాక ఆయన నాతో మాట్లాడిన మొట్టమొదటి మాట ఏమిటో తెలుసా? "ముందు సీటు చూశావా? అటు నుంచి ఇటు ఒకటే పొడుగు సీటు. గేరు కూడా స్టీరింగుకే ఉంటుంది, మధ్యలో రాడ్డు అడ్డం ఉండదు. ఎప్పటికైనా ఇలాంటిది కొని నిన్ను ముందు కూర్చోబెట్టుకుంటా. మధ్యలో ఎవరూ ఉండరు." అంత మాట అని, చెవులదాకా ఎర్రబడి, మేనేజరు గారి డ్రైవరుకు పూలదండలు విప్పడంలో సాయం చేయడానికి వెళ్ళిపోయారు.

ఆ మాట నేను మర్చిపోలేదు. ఆయనా మర్చిపోలేదు. పిల్ల చదువు, పెళ్ళి, గోపన్‌పల్లిలో ఈ ఫ్లాటు, అన్నీ అయ్యాక, బాలానగర్‌లో ఒక షెడ్డు వెనక కోళ్ళు పొదిగే ఫియట్ ఒకటి ఆయన కంట పడింది. దాన్ని ఇంటికి తెచ్చి, ఒక్కొక్క బోల్టు విప్పి, దొరకని భాగాలు పాత స్నేహితుల వర్క్‌షాపుల్లో తనే కూర్చుని చేసుకుని, కారును కారుగా నిలబెట్టారు. సీటు కుట్టించినప్పుడు రంగు నన్నే ఎంచుకోమన్నారు. ముదురు మెరూన్ అన్నాను. ఎత్తు సరిపోయిందో లేదో చూడాలని నన్ను కూర్చోబెట్టి చూశారు. అప్పటికి కారుకు చక్రాలు లేవు, ఇటుకల మీద ఉంది. అయినా ఆ పక్కన ఆయన వచ్చి కూర్చుని, స్టీరింగు పట్టుకుని, నోటితో హారను కొట్టారు. నేను నవ్వుకు కళ్ళు తుడుచుకున్నాను. ఆ కారులో నేను కూర్చున్నది ఆ ఒక్కసారే.

మొదటి ప్రదర్శనకు ఆయన ఒక్కరే తోలుకెళ్ళారు. "ఇంజను ఎలా ఉంటుందో చూసుకోవాలి. నువ్వు వచ్చేసారి వద్దువుగాని," అన్నారు. సరే అనుకున్నాను. సాయంత్రం తిరిగొచ్చేటప్పటికి ముందు బంపరు ఒక పక్క వంగి ఉంది. ఎవడో స్కూటరువాడు తగిలించాడన్నారు. పైగా మడ్‌గార్డు కింద తెల్లగుడ్డ పెట్టి తుడిచిన జడ్జీకి బురద అంటిందట, కప్పు వేరేవాళ్ళకు పోయిందట. అంతే, ఆ రోజు నుంచి కారు నేల మీద నడవలేదు. ప్రదర్శన ఉంటే యాదయ్య లారీ వస్తుంది. వెనక పలక జారుడుబల్లలా కిందికి వాలుతుంది, ఇనుప తాడుతో కారును పైకి లాగి కట్టేస్తాడు. ఆయన యాదయ్య పక్కన ఎక్కి కూర్చుంటారు. వాళ్ళ వెనక మా చిన్న కారు తోలుకుంటూ నేను.

అవును, ఆ చిన్న కారు తోలేది కూడా నేనే. "నువ్వు నాకంటే బాగా తోలుతావు," అని ఒకరోజు తాళాలు నా చేతిలో పెట్టేశారు. పెళ్ళయిన ఇన్నాళ్ళకు ఒక మెచ్చుకోలు దొరికిందని పొంగిపోయాను. ఆ కారులో మా ఇద్దరికీ మధ్య గేరు రాడ్డు, హ్యాండ్ బ్రేకు, రెండు నీళ్ళ సీసాలు, ఆయన షుగరు మందుల డబ్బా ఉంటాయి. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటారు. రిటైరయ్యాక మనిషికి పరధ్యానం ఎక్కువైంది. చెప్పులు వేసుకుని బయల్దేరితే ఒక చెప్పు హాల్లోనే ఉండిపోయేది. గేటు దాకా వెళ్ళాక నేను అరిస్తే చూసుకుని వెనక్కి వచ్చేవారు. ధ్యాసంతా ఆ ఫియట్ మీదేనని ఒళ్ళు మండేది నాకు.

నాకు కావలసింది కారు కాదు. ఆయన తోలుతుంటే, ఆ పొడుగు సీటు మీద, భుజం భుజానికి తగిలేంత దగ్గరగా కూర్చుని, ఎక్కడికైనా వెళ్ళడం. కూరగాయలకు వెళ్ళినా చాలు. ఈ వయసులో ఈ కోరికేమిటని నాలో నేనే సిగ్గుపడ్డాను. సిగ్గుపడితే పోయే కోరిక కాదది. సెల్లారులో దుప్పటి కప్పుకున్న ఆ కారు పక్క నుంచి రోజూ పాల ప్యాకెట్లు పట్టుకుని నడుస్తుంటే, అది నాకు బాకీ పడ్డట్టే అనిపించేది.

ఈ మధ్య మాదాపూర్‌లో ఒక కొత్త అద్దాల బిల్డింగు వాళ్ళు ఈయన్ని వెతుక్కుంటూ వచ్చారు. ప్రారంభోత్సవం రోజు వాళ్ళ ముందు పచ్చికలో పాత కార్ల ప్రదర్శన పెడతారట. అయిపోయాక మా ఫియట్‌ను లోపల రిసెప్షన్ హాల్లో, తిరిగే పళ్ళెం లాంటి దాని మీద నిలబెడతారట, శాశ్వతంగా. పెట్రోలు, ఆయిలు తీసేసి, బ్యాటరీ విప్పేసి. ఈయన ఒప్పేసుకున్నారు. నన్ను అడగలేదు. ఒప్పుకున్నాక చెప్పారు, అదీ అన్నంలో పెరుగు కలుపుకుంటూ.

"మన తరువాత దాన్ని ఎవరు చూసుకుంటారు సువార్తా? అక్కడైతే కంటికి రెప్పలా చూసుకుంటారు."

"మన తరువాత సంగతి సరే, మన సంగతేమిటి? నన్నెప్పుడు ఎక్కిస్తారు?" అన్నాను.

ఆయన పచ్చడి జాడీ దగ్గరికి లాక్కున్నారు.

ప్రదర్శన ముందు రోజు మళ్ళీ అడిగాను. గట్టిగానే అడిగాను. "రేపు తోలుకెళ్దామండీ. గోపన్‌పల్లి నుంచి మాదాపూర్ ఎంత దూరం? ఆదివారం, పొద్దున్నే రోడ్డు ఖాళీగా ఉంటుంది. రేపు దాటితే ఆ చక్రాలు ఇంక తిరగవు."

"లారీకి చెప్పేశాను."

"వద్దని చెప్పండి."

"చక్రం మీద బురద చుక్క ఉన్నా వాళ్ళు ఒప్పుకోరు."

"బురద నేను కడుగుతాను. కొంగుతో తుడుస్తాను. సరేనా?"

"అనవసరంగా సాగదీయకు," అని లేచి వెళ్ళిపోయారు. వెళ్తూ ఒక చెప్పు వదిలేసి వెళ్ళారు. ఆ చెప్పు తీసి గోడకేసి కొట్టాను.

ఆదివారం పొద్దున్నే యాదయ్య వచ్చాడు. నల్గొండ వైపు మనిషి, నెమ్మదస్తుడు. కారును పైకి లాగి, పలక పూర్తిగా సమం చేయకముందే, ఈయన కప్పులు, పాత ఫోటోలు పెట్టిన సంచి మర్చిపోయానని లిఫ్టు ఎక్కారు. నేను గంధం రంగు పట్టుచీర కట్టుకుని, చిన్న కారు తాళాలు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాను. పైన ఫియట్ తలుపు నా వైపే ఉంది. ఏం పూనిందో తెలియదు, తాళాలు బ్యాగులో పడేసి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని వాలుగా ఉన్న పలక మీదికి ఎక్కడం మొదలుపెట్టాను.

యాదయ్య తాడు వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, ఏంది గిది? యాడికి ఎక్కుతున్నవ్?"

"కారులో కూర్చుంటాను."

"బండి మీదున్న కారుల కూసోవద్దమ్మా. పోలీసోళ్లు జూస్తే నన్ను పరేషాన్ జేస్తరు."

"పోలీసులతో నేను మాట్లాడతాను. చెయ్యి పట్టుకో, జారుతోంది."

"సారుకు జెప్పాలె గద!"

"చెప్పావంటే చూడు," అన్నాను, తొమ్మిదో తరగతి వెనక బెంచీ వాళ్ళతో మాట్లాడే గొంతుతో. పాపం, ఆ గొంతుకు యాదయ్య చెయ్యి అందించాడు. తలుపు తీసి కూర్చుని, తల వంచుకున్నాను. ఆయన సంచీతో వచ్చి, నేను ముందే వెళ్ళిపోయాననుకుని లారీ క్యాబినులోకి ఎక్కారు. మా చిన్న కారు స్తంభం చాటున ఉందని ఆయన చూసుకోలేదు. లారీ కదిలింది.

యూనివర్సిటీ గోడ దాటేదాకా తల ఎత్తలేదు. తరువాత ఎత్తి చూస్తే నేను చెట్ల కొమ్మల ఎత్తులో ఉన్నాను. గచ్చిబౌలి ఫ్లైఓవర్ మీద మేడల అద్దాల్లో మా లారీ, లారీ మీద మెరూన్ సీటు, సీట్లో పట్టుచీర కట్టుకున్న ఒక ముసలావిడ కనిపించింది. బైకు మీద వెళ్తున్న కుర్రాడొకడు ఫోను తీశాడు. హాస్టలు ఆడపిల్లలు ఆటోలోంచి చెయ్యి ఊపితే నేనూ ఊపాను. కాసేపు నిజంగానే బాగుంది. ఎండ అద్దం మీద పడుతోంది, గాలి తగులుతోంది, ఊరు వెనక్కి పోతోంది.

పక్కకు చూశాను. స్టీరింగు దానంతటది కొంచెం వణుకుతోంది. ఆ సీటు అటు చివరిదాకా ఖాళీ. ఆయన నాకు ముందే, రెండు బారల దూరంలో, లారీ క్యాబిను గోడకు అవతల కూర్చుని ఉన్నారు. వెనక అద్దంలోంచి ఆయన బట్టతల కనిపిస్తోంది. వెనక్కి తిరిగితే నన్ను చూసేవారే. తిరగలేదు. "ఒక్కసారి తిరగండి," అన్నాను పైకే. ఊరంతా కదులుతోంది, నేను కదులుతున్నాను, కారు మాత్రం కట్టేసినట్టు అక్కడే ఉంది. ఇన్నేళ్ళు ఎదురుచూసి నేను ఎక్కిన కారు ఇది, ఎదురుచూసిన మనిషి పక్కన లేకుండా. ఏడుపొచ్చింది. పట్టుచీర కొంగుతో ముక్కు తుడుచుకుని మరీ ఏడ్చాను.

కొత్తగూడ దాటి కిందికి దిగగానే ట్రాఫిక్ పోలీసు ఒకమ్మాయి చెయ్యెత్తి లారీని పక్క రోడ్డులోకి మళ్ళించింది. బ్యాడ్జీ మీద అఖిల అని ఉంది. లారీ చుట్టూ ఒకసారి తిరిగి, పైకి చూసి, నోరు తెరిచింది.

"ఏందయ్యా గిది? కారుల మనిషి ఉన్నది!"

యాదయ్య కిందికి దూకాడు. "జెప్పిన మేడం. ఇనలే. టీచరమ్మ."

ఆయన కూడా దిగారు. ముందు అర్థం కాలేదు ఆయనకు. తరువాత నన్ను చూశారు. ఆ మొహం నేను వర్ణించలేను.

"సువార్తా! నీకేమన్నా మతి పోయిందా? తాడు తెగి పడితే?"

"పడితే మీ కారులోనే పడతాను. ఎలాగూ మీరు ఎక్కించరు, నేనే ఎక్కాను."

"దిగు ముందు."

"దిగను."

చుట్టూ నలుగురు చేరారు. ఇడ్లీ బండి దగ్గరున్నవాళ్ళు పళ్ళేలతో సహా వచ్చారు. అఖిల నవ్వు ఆపుకుంటూ, చేతులు కట్టుకుని అడిగింది. "అమ్మా, గిట్ల పోనియ్య. లారీ మీద ఉన్న బండిల మనిషి ఉండొద్దు. దిగుతవా, కేసు రాయాల్నా?"

"కేసు రాయమ్మా. నేను మాత్రం దిగను. కారును దించితే అప్పుడు తప్పు లేదు కదా? రోడ్డు మీదున్న కారులో మనిషి ఉండొచ్చు కదా?"

ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆలోచించింది. "ఆ, గది ఓకే. కాయిదాలున్నయా? ఇన్సూరెన్సు?"

అన్నీ ఉన్నాయి. మా ఆయన కారుకు బీమా గడువు దాటనిస్తారా! యాదయ్య పలకను వాల్చాడు. నేను కూర్చుని ఉండగానే కారు మెల్లగా వెనక్కి జారి, నాలుగు చక్రాలతో నేల మీద నిలబడింది. ఇడ్లీ బండి వాళ్ళు చప్పట్లు కొట్టారు. నేను ఆయన వైపు చూసి సీటు మీద చేత్తో తట్టాను.

"ఎక్కండి. గెలిచాను, ఒప్పుకోండి. ఎక్కండి."

ఆయన ఎక్కలేదు. తాళం చేతిలో ఉంది. దాన్ని అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డారు. తరువాత వెళ్ళి లారీ పలక అంచు మీద కూర్చున్నారు, అలసిపోయినట్టు. నాకు కోపం నషాళానికంటింది. దిగి వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"ఇప్పుడు కూడానా? ఇంత మంది ముందు? బురద అంటుతుందనా?"

"బురద కాదు."

"మరి?"

ఆయన తలెత్తలేదు. చాలా చిన్న గొంతుతో అన్నారు. "నాకు కాళ్ళు తెలియడం లేదు సువార్తా."

నాకు అర్థం కాలేదు. ఆయన చెప్పుకుంటూ పోయారు, నేలతో మాట్లాడుతున్నట్టు. "అరికాళ్ళు మొద్దుబారిపోయాయి. షుగరు వల్లట. చెప్పు ఉందో ఊడిందో తెలియదు. ఆ మొదటిసారి తోలుకెళ్ళానే, ప్రదర్శన గేటు దగ్గర బ్రేకు తొక్కాననుకున్నాను. కాలు యాక్సిలరేటరు మీద ఉంది. ఎదురుగా ఒకమ్మాయి, చంకలో బిడ్డ. స్టీరింగు తిప్పేశాను, గేటు స్తంభానికి తగిలింది. స్కూటరువాడు లేడు, ఎవడూ లేడు. ఆ రోజు నువ్వు పక్కన లేవు. ఉండి ఉంటే అని ఇప్పటికీ నిద్ర పట్టదు."

"డాక్టరుకు తెలుసా?"

"తెలుసు. తోలొద్దన్నాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను? ముందు సీట్లో కూర్చోబెట్టుకుంటానని మాటిచ్చినవాణ్ణి. అంతా అయ్యాక, తోలడం నావల్ల కాదని చెప్పమంటావా? లారీ మీద మోయిస్తే పిచ్చి అనుకుంటారు, అంతే. పిచ్చి అనిపించుకోవడం తేలికనిపించింది. ఇక సెల్లారులో దాన్ని రోజూ చూడలేక ఆ బిల్డింగు వాళ్ళకు ఒప్పుకున్నాను."

గ్రూపులో అన్ని తగువులు, బురద మీద అన్ని ఉపన్యాసాలు, ఆ తెల్లగుడ్డ జడ్జీ, అన్నీ ఈ ఒక్క మాట చెప్పలేక. తిట్టాలనిపించింది, తల నిమరాలనిపించింది, రెండూ చేయలేదు. గోడకేసి కొట్టిన చెప్పు గుర్తొచ్చి చచ్చేంత సిగ్గేసింది. అఖిల అటు తిరిగి నిలబడింది. ఇడ్లీ బండి వాళ్ళు కూడా మెల్లగా వెనక్కి వెళ్ళారు.

యాదయ్య దగ్గరికొచ్చాడు. "సార్, ఫికర్ జెయ్యకు. మళ్ల పైకెక్కిస్త. అమ్మ నా పక్కన కూసుంటది."

"ఆగు యాదయ్యా," అన్నాను. ఆయన చేతిలోంచి తాళం తీసుకున్నాను. చుట్టూ తిరిగి కుడి పక్క తలుపు తీసి, స్టీరింగు ముందు కూర్చున్నాను.

"నీకు ఈ గేరు తెలియదు," అన్నారు ఆయన లేచి నిలబడి. నిజంగా భయపడ్డారు. "ఇది మన కారులా కాదు. లాగి పైకి నెట్టాలి. రెండోది కిందికి. తప్పు పడితే పళ్ళు అరిగిపోతాయి."

"నాకు తెలియదు. మీకు తెలుసు కదా. నా ఎడమ పక్కే ఉంది. మీ చెయ్యి అందుతుంది. క్లచ్చు నేను తొక్కుతాను, గేరు మీరు వేయండి."

ఆయన నన్ను చూశారు, గేరును చూశారు. టూల్‌రూమ్‌లో ఏదైనా కొలత సరిపోతుందా లేదా అని చూసే చూపు అది. తరువాత ఎడమ తలుపు తీసి ఎక్కారు.

"ఇంకా ఇటు రండి, అందదు," అన్నాను. జరిగారు. ఇంకా జరిగారు. భుజానికి భుజం తగిలింది.

అఖిల కిటికీ దగ్గరికొచ్చింది. "అమ్మా, లైసెన్సుందా?" ఫోనులో చూపించాను. "పైలంగ పోండ్రి," అని, రోడ్డు మధ్యకు వెళ్ళి, వచ్చే బండ్లను ఆపి మాకు దారిచ్చింది. యాదయ్య ఖాళీ లారీతో వెనక బయల్దేరాడు.

"క్లచ్," అన్నారు. తొక్కాను. గేరు పడింది. వదలగానే కారు ఒక్క ఎగురు ఎగిరి ఆగిపోయింది. "నెమ్మదిగా వదలాలి. తొందర దేనికి?" అన్నారు, ఇంట్లో ఎప్పుడూ వినని మెత్తని గొంతుతో. మళ్ళీ వేశాం. ఈసారి కదిలింది. నిజంగా కదిలింది. ఇంజను చప్పుడు కాళ్ళలోంచి పైకి వచ్చింది. రోడ్డు మీద ప్రతి గుంతా తెలుస్తోంది. "క్లచ్." రెండోది. "క్లచ్." మూడోది. మొదట్లో ఆయన చెప్పాక తొక్కాను. తరువాత ఆయన భుజం కదలగానే తెలిసిపోయేది. ఆయన రోడ్డు చూస్తూ, ఇంజను వింటూ, చిన్నపిల్లాడిలా ముందుకు వంగి కూర్చున్నారు. వాన నీళ్ళు నిలిచిన చోట చక్రం పడి బురద చిమ్మింది. ఇద్దరం వినలేదన్నట్టు ఊరుకున్నాం.

అద్దాల బిల్డింగు వచ్చింది. గేటు దగ్గర బెలూన్లు కట్టారు. పచ్చిక మీద కార్లు వరసగా నిలబడి ఉన్నాయి. మెడలో ట్యాగు వేసుకున్న పిల్లలు మమ్మల్ని లోపలికి రమ్మని చేతులూపుతున్నారు. నేను వేగం తగ్గించాను.

"ఇచ్చేద్దామా?" అని అడిగాను.

"మాటిచ్చాం కదా," అన్నారు. బెలూన్ల వైపు చూసి, "ముందుకు పోనీ. ఒక చుట్టు తిరిగి వద్దాం," అన్నారు.

గేటు దాటి పోనిచ్చాను. సైబర్ టవర్స్ వైపు సిగ్నలు ఎర్రగా ఉంది. ఆగాం. గేరు తీసేశారు కాబట్టి నా ఎడమకాలు ఖాళీ అయింది. ఆయన కుడికాలు పక్కనే ఉంది, మేజోడు, నల్ల బూటు. నేను చెప్పు విడిచి, నా పాదం తీసి ఆయన పాదం మీద పెట్టాను. కొంచెం నొక్కాను. ఆయన సిగ్నలు వైపే చూస్తున్నారు. ఇంకొంచెం గట్టిగా నొక్కాను. ఆయనకు తెలియలేదు. నేను పాదం తీయలేదు.

పచ్చ లైటు పడింది.

"క్లచ్," అన్నారు.